మన తీరానికి పరాయి చిరునామాలు ఎందుకు?

మా శ్రీకాకుళం, విజయనగరం తీరం గురించి ఎవరు పోస్టు పెట్టినా, వీడియో చేసినా, రెండో వాక్యానికల్లా ఇంకో ఊరి పేరు వచ్చేస్తుంది. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయి. ఉద్దానం ఇంకో కోనసీమ. పొందూరు ఖద్దరు ఢాకా మస్లిన్‌కి తీసిపోదు. తాబేళ్ళ సంగతి ఎత్తితే, ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు చూడాలి అంటారు. ఇవి పొగడ్తలే. రాసేవాళ్ళు చాలామంది మా జిల్లాల మీద అభిమానంతోనే రాస్తున్నారు. కానీ వీటిలో కొన్ని అబద్ధాలు, కొన్ని సగం నిజాలు. వీటివల్ల ఇక్కడి నేలకీ, నీళ్ళకీ, మనుషులకీ నష్టం జరుగుతోందన్నది నా వాదన.

పక్షులతో మొదలుపెడతాను. అందరూ ఎక్కువగా చెప్పే అబద్ధం అదే.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వానాకాలం చివర్లో రెండు రకాల పెద్ద పక్షులు దిగుతాయి. ఒకటి గూడబాతు, రెండోది ఎర్రకాళ్ళ కొంగ. ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. మా చిన్నప్పుడు బళ్ళో చెప్పిందీ, ఇప్పటికీ పేపర్లలో వస్తున్నదీ ఒకటే మాట: ఇవి సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొస్తాయని.

ఇది నిజం కాదు. మన దగ్గరికొచ్చే గూడబాతు ముక్కు మీద వరుసగా చుక్కలుంటాయి. ఈ జాతి గూళ్ళు కట్టేది భారతదేశం, శ్రీలంక, కంబోడియా లాంటి వెచ్చటి దేశాల్లోనే. ఎర్రకాళ్ళ కొంగ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి పోదు. ఇంకో సంగతి కూడా చూడండి. చలికి తట్టుకోలేక సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. ఇక్కడ తిండి తిని, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఉత్తరానికే పోతాయి. తేలినీలాపురంలో గుడ్డు పెట్టి పిల్లను పెంచుతున్న పక్షికి ఇది చుట్టపుచూపు ఎలా అవుతుంది? ఇది దాని పుట్టిల్లు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో గట్టిగా చెప్పలేను గానీ, నాకో అనుమానం ఉంది. సైబీరియా కొంగ అని నిజంగానే ఒక పక్షి ఉంది. అది చలికాలంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనబడలేదు. దేశమంతా పేరు మోసిన ఆ పక్షి పేరే తెల్లగా, పెద్దగా ఉన్న ప్రతి పక్షికీ అంటుకుపోయి ఉంటుంది.

తేలినీలాపురం వెళ్తే కాసేపు ఒక గూటినే చూస్తూ నిలబడండి. పిల్ల సన్నగా గీపెడుతూ ఉంటుంది. తల్లి వచ్చి వాలగానే కొమ్మ మొత్తం కిందికి వంగుతుంది. రెక్కలు చాస్తే రెండు మీటర్లకు పైగా ఉంటుంది మరి. తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలని, మెడని ఆ సంచీ లోపలికి పూర్తిగా దూర్చేస్తుంది. బయటికి ఒళ్ళు మాత్రమే కనిపిస్తుంది, రెక్కలు పటపటా కొట్టుకుంటుంటాయి. మొదటిసారి చూసినవాళ్ళకి తల్లి పిల్లని మింగేస్తోందేమోనని కంగారు పుడుతుంది. లోపల అరిగీ అరగని చేపలుంటాయి, వాటిని తింటోంది. చెట్టు కింద నేలంతా తెల్లటి రెట్ట, జారిపడిన చేపముక్కలు, ఎండుచేపల కొట్లోకి వెళ్ళినట్టు వాసన. ఊరివాళ్ళు ఆ వాసనతోనే నెలల తరబడి కాపురం చేస్తారు. ఒక్కరు కూడా చెట్టు కొట్టేద్దామనరు.

"ఏటి బాబూ, కంపని పట్టించుకుంటే ఎలా? ఈటి అడుగు పడితేనే ఊరికి కళ" అని అక్కడ ఒక పెద్దావిడ నాతో అన్నారు. పురుటికొచ్చిన ఆడపిల్లల్లాంటివి అని కూడా ఆవిడే అన్నారు. సైబీరియా గురించి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. టూరిస్టులకి చెప్పాల్సి వచ్చినప్పుడే ఆ పేరు బయటికొస్తుంది.

ఇదంతా విని నా మిత్రుడొకడు, "సైబీరియా అంటేనే జనం వస్తారు. జనం వస్తే ఊరు బాగుపడుతుంది. నీకేం నష్టం?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. నష్టం ఏమిటంటే, పక్షి సైబీరియాదని నమ్మినవాడు, దానికి ఇక్కడ కావలసింది నాలుగు చెట్లే అనుకుంటాడు. చెట్ల చుట్టూ కంచె, ఒక వాచ్‌టవర్, ఒక బోర్డు ఉంటే పని అయిపోయిందనుకుంటాడు. ఒక ఏడాది తక్కువ వస్తే, అక్కడెక్కడో వాతావరణం మారిందిలే అని సర్దుకుంటాడు. అదే ఈ పక్షి మనదని తెలిస్తే, వెంటనే రావలసిన ప్రశ్న: దీని తిండి ఎక్కడిది?

తిండి చెట్ల దగ్గర లేదు. నౌపడ చుట్టూ, సంతబొమ్మాళి వైపు పరుచుకున్న తంపరలో ఉంది. తంపర అంటే వానాకాలం గెడ్డల, అంటే వాగుల నీళ్ళు వచ్చి నిలిచే లోతట్టు నేల. కొంత మంచినీరు, కొంత ఉప్పునీరు, మధ్యమధ్యలో గడ్డి, తుంగ. సోంపేట వైపు ఇలాంటి నేలనే బీల అంటారు. వానలప్పుడు వాగుల నీళ్ళన్నీ వచ్చి అక్కడ కూర్చుంటాయి. ఆ నీటితోనే చుట్టుపక్కల వరి పండుతుంది, బావుల్లో ఊట నిలుస్తుంది, చేపలు పట్టేవాళ్ళకి పని దొరుకుతుంది, పశువులకి మేత దొరుకుతుంది. గూడబాతు రోజూ పదుల కిలోమీటర్లు తిరిగి చేపలు తెచ్చేది ఇలాంటి చోట్ల నుంచే.

ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఇవి పనికిరాని భూములు. సోంపేట బీలలో థర్మల్ కరెంటు ప్లాంటు పెడతామన్నప్పుడు చెప్పిన కారణం అదే, అది బీడు భూమి అని. రైతులూ మత్స్యకారులూ కలిసి అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, అంటే తేలినీలాపురం పక్షులు మేతకెళ్ళే తంపరలోనే, ఇంకో థర్మల్ ప్లాంటు గొడవలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. ఆ రోజుల్లో తంపర కోసం నిలబడ్డవాళ్ళలో పక్షి ప్రేమికులమని చెప్పుకున్నవాళ్ళు తక్కువ. గేదెలు కాసుకునేవాళ్ళు, జల్లెడ వలతో చేపలు పట్టేవాళ్ళు, ఎకరా అరెకరా వరి వేసుకునేవాళ్ళు. ఆ గూళ్ళలో పిల్లలు ఇవాళ్టికీ తిండి తింటున్నాయంటే అందులో వీళ్ళ పోరాటానికి వాటా ఉంది. ఏ బోర్డు మీదా ఈ సంగతి రాసి ఉండదు.

మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షులే లేవా? ఉన్నాయి. చలికాలం మన తూర్పు తీరంలో ఉప్పుమడుల గట్ల మీద బురదలో ముక్కు పొడుస్తూ పరుగులు తీసే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు చూడండి. ఒక్కొక్కటి పిచ్చుకంత ఉంటుంది, పాతిక ముప్పై గ్రాముల బరువు. బూడిదరంగు, చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. ఉత్తరధ్రువానికి దగ్గర్లో, చెట్లు కూడా మొలవని మంచునేల మీద పుట్టి, ఈ ఉప్పు బురద వెతుక్కుంటూ వస్తాయి. వాటి దగ్గర ఎవరూ ఆగరు. కారు దిగకుండానే పక్కనుంచి వెళ్ళిపోయి, సైబీరియా పక్షుల్ని చూశామని తేలినీలాపురంలో సెల్ఫీ దిగి వస్తాం.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిదీ ఇదే కథ. అక్కడికి తొలకరికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవీ ఆసియా పక్షులే. దూరాలు ఎగరవని కాదు. థాయ్‌లాండ్‌లో కాలికి రింగు వేసిన కొంగలు బంగ్లాదేశ్‌లో దొరికాయి. కానీ తేలుకుంచిలో గుడ్లు పెడతాయి కాబట్టి తేలుకుంచివే. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టడానికి అది వీలు. వరిపొలాల్లో నత్తల్ని తిని రైతుకి మేలు చేస్తాయి. అవి ముందే దిగితే వానలు బాగుంటాయని ఊళ్ళో నమ్మకం. ఆ నమ్మకం వల్లే ఎవరూ వాటి జోలికి పోరు. పొలాల్లో పురుగుమందు కొడితే నత్తలు పోతాయి, నత్తలు పోతే కొంగలు పోతాయి. ఆ మందు కొట్టాలా వద్దా అన్నది తేలుకుంచి చుట్టుపక్కల రైతులు, వ్యవసాయ శాఖవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. సైబీరియాకి ఇందులో ఏ సంబంధమూ లేదు.

ఉద్దానం సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస, మామిడి కలిసి పెరిగే తోటలు చూసి కోనసీమ అనేస్తాం. కోనసీమ గోదావరి ఒండ్రు నేల, కాలవల నీళ్ళు. ఉద్దానానికి గోదావరి లేదు, కాలవల్లేవు. ఇసుక నేల. ఆకాశం నుంచి పడ్డ వాన ఆ ఇసుకలోకి దిగి నిలిస్తే, ఆ ఊటతో పెరిగిన తోటలు అవి. పైన కొబ్బరి, దాని కింద పనస, జీడి, వాటి నీడలో ఇంకేదో పంట. ఎవరూ నీళ్ళు పెట్టకుండా తరతరాలుగా రైతులే నిలబెట్టుకున్న పద్ధతి. దీన్ని ఇంకో డెల్టాకి నకలు చేసేస్తే, ఇక్కడి రైతు తెలివి కనబడకుండా పోతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలి. తెల్లారేసరికి తోటలు పడుకుని ఉన్నాయి. వరి పోతే వచ్చే ఏడాది వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఇల్లు ఎలా గడుస్తుంది? దీనికి తోడు కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో వైద్యులు ఇప్పటికీ ఇదీ కారణం అని తేల్చి చెప్పలేని జబ్బు ఉద్దానంలో ఇంటింటినీ తాకింది. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాల్సిన మనిషి ఉన్న ఇంట్లో తోట పని ఎవరు చేస్తారు? డ్రోన్ వీడియో తీసి "మన ఇంకో కోనసీమ" అని పాట పెట్టేవాళ్ళు కనీసం కింద రెండు లైన్లయినా ఈ విషయం రాయాలని నా కోరిక.

పొందూరుకి ఢాకాతో పోలిక ఎందుకో కూడా నాకు అర్థం కాదు. మస్లిన్ గొప్పదే. కానీ పొందూరులో జరిగే పని పొందూరులోనే జరుగుతుంది. అక్కడ ఒక ఇంట్లో కూర్చుని ఆ పని దగ్గరగా చూశాను. ఆవిడ చేతిలో వాలుగ చేప దవడ ఉంది. దవడంటే మొత్తం ఎముక కాదు, సూదుల్లాంటి సన్నటి పళ్ళు వరుసగా ఉన్న ముక్క, చిన్న పుల్లకి కట్టింది. గింజతో ఉన్న కొండపత్తిని వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ పళ్ళతో నెమ్మదిగా దువ్వుతోంది. నలక, ఎండాకు పొడి కిందికి రాలిపోతుంటే, పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి మెరుస్తాయి. ఆ తర్వాత గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవడం, అప్పుడు ఒంటి కదురు రాట్నం మీద వడకడం. ఇనుప దువ్వెన పెట్టకూడదా అని అడిగాను. "ఇనుముకి పోగు తెగిపోద్ది బాబూ. దీనికి తెగదు" అంది. చేప దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. కొండ నుంచి పత్తి, నది నుంచి చేప, పెరట్లోంచి అరటి. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, ఇలా చేత్తో తీస్తారు. గాంధీగారు ఈ బట్ట నేతని మెచ్చుకుని, ఎలా చేస్తారో చూసి రమ్మని కొడుకు దేవదాసుని పొందూరు పంపారు.

ఇక్కడ కూడా పొగడ్త దారి తప్పించేస్తుంది. బట్ట ఎంత పల్చన, ఉంగరంలో దూరుతుందా లేదా అని మాట్లాడతాం. రోజంతా కూర్చుని దువ్వి వడికిన ఆ ఆడవాళ్ళకి చేతికొచ్చే కూలి ఎంత అని మాట్లాడం. కూతుళ్ళు ఈ పనిలోకి రావడం లేదు, వాళ్ళని తప్పు పట్టలేం. కొండపత్తి వేసే రైతులకి ధర, వడికేవాళ్ళకి బతకడానికి సరిపడే కూలి, ఈ రెండూ లేకపోతే పొందూరు పేరే మిగులుతుంది, నూలు మిగలదు. బొబ్బిలి వీణకీ ఇదే చిక్కు. ఒకే పనసమాను తొలిచి చేసే వీణ అది. ముదిరిన పనసచెట్లు ఉంటేనే వీణ. షోకేసులో పెట్టుకునే బుల్లి వీణలు బాగానే అమ్ముడవుతున్నాయి, పెద్ద వీణకి కావలసిన మాను దొరకడమే కష్టం.

తాబేళ్ళ దగ్గరికి వస్తాను. శ్రీకూర్మంలో విష్ణుమూర్తిని కూర్మావతారంలో పూజిస్తాం. గుడి ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు, పిల్లలకి చూపిస్తాం, దణ్ణం పెట్టిస్తాం. అక్కడికి కాస్త దూరంలోనే సముద్రం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. రుషికుల్యలో లాగా ఒక్క రాత్రిలో వేలకి వేలు రావు. ఒకటీ అరా, చీకట్లో, ఎవరికీ తెలియకుండా వస్తాయి. అందుకే లెక్కలోకి రావు.

ఒక ఫిబ్రవరి రాత్రి, తాబేలు గుడ్లని పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీ కాపలాదారుతో పాటు ఒడ్డున నడుస్తుంటే ఒకటి కనబడింది. నలభై కిలోలకు పైగా ఉంటుంది. వెనక తెడ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడుతోంది, మూర లోతు గొయ్యి. గుడ్లు పెట్టడం అయ్యాక గొయ్యి పూడ్చి, ఒళ్ళంతా ఎత్తి అటూ ఇటూ ఊగుతూ పొట్టతో ఇసుకని దబదబా దిమ్మిస కొట్టింది. ఆ చప్పుడు కాళ్ళ కింద తెలుస్తుంది. తర్వాత వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పోయింది. నూరుకు పైగా గుడ్లు. కుక్కలు, నక్కలు తోడేయకముందే కాపలాదారు వాటిని తీసి హేచరీలో పాతిపెట్టాడు. ఏడు వారాలకి అటూ ఇటుగా పిల్లలొస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో అవుతాయి, వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ.

మర్నాడు పొద్దున్న అదే ఒడ్డున ఉబ్బిపోయిన తాబేలు శవం కొట్టుకొచ్చింది. ఒంటి మీద దెబ్బ లేదు. తాబేలుకి ఊపిరి పైకొచ్చే తీసుకోవాలి. మరబోట్లు ఈడ్చుకెళ్ళే ట్రాలు వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. వలలోంచి తాబేలు తప్పించుకునేలా అమర్చే పరికరం ఉంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదనే నిబంధన ఉంది. రెండూ కచ్చితంగా అమలైతే ఈ చావులు చాలావరకు తగ్గుతాయి. మా తీరంలో చిన్న పడవల వాళ్ళు వలలో తాబేలు పడితే దేవుడని దణ్ణం పెట్టి, అవసరమైతే వల కోసి వదిలేస్తారు. వల కోస్తే నష్టం వాళ్ళదే, ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. ఆ నష్టానికి పరిహారం ఇవ్వడం పెద్ద ఖర్చూ కాదు.

ఆ పడవల వాళ్ళ గురించి చెప్పకుండా తీరం గురించి రాయడం అన్యాయం. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ తీరంలో పడవలు ఆపుకోవడానికి సరైన జెట్టీలు లేక, కెరటాలకి ఎదురెళ్ళి పడవ దించి, మళ్ళీ ఒడ్డుకి లాగాలి. వేట గిట్టుబాటు కాక ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం, బడివానిపేట లాంటి ఊళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ పోయి బోట్ల మీద జీతానికి పనిచేస్తారు. 2018లో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు పొరపాటున సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకున్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను ముందు బెస్తవారి వల నడుస్తుంది, దానికి అందరం దారి ఇస్తాం. ఆ వల పట్టుకున్నవాళ్ళ తోటివాళ్ళు సొంత సముద్రం ఉండగా దేశానికి ఆ చివర వల లాగుతున్నారు.

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పోర్టు వద్దని నేననడం లేదు. మా పిల్లలకి ఇక్కడ ఉద్యోగాలు కావాలి. కానీ అది వచ్చేది తంపరకి, ఉప్పుమడులకి, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకకి ఆనుకునే. అందుకని ఇప్పుడే అడగాల్సినవి ఉన్నాయి. రోడ్ల కోసం, గోడౌన్ల కోసం మట్టి పోసేటప్పుడు తంపరలోకి గెడ్డల నీళ్ళొచ్చే దారులు మూయకూడదు, కల్వర్టులు సరిపడా కట్టాలి. గుడ్ల సీజన్లో ఒడ్డు వైపు లైట్లు తగ్గించాలి, లేదా కిందికి తిప్పాలి. పుట్టిన తాబేలు పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది, లైటు ఊరి వైపుంటే సముద్రం వదిలి రోడ్డెక్కుతుంది. పెద్ద ఓడలకి బెర్తులు కట్టేవాళ్ళు చిన్న పడవలకి కూడా చోటు చూపించాలి, అది కాగితం మీద రాసి ఇవ్వాలి. గ్రామసభల్లో ఈ మూడూ అడిగేవాళ్ళు ఉన్నారు. జిల్లా దాటి పట్నాల్లో ఉన్న మనం వాళ్ళ వెనక ఉండాలి, అర్జీల మీద సంతకాలు పెట్టాలి, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు వేయాలి.